వాడకట్టు ప్రార్థన

ప్రార్థన అలవాటుగా మారడం మంచిదేనా? క్రైస్తవ ఇళ్లలో పుట్టి పెరిగిన మనలో చాలామందికి ఈ సందేహం ఏదో ఒక వయసులో వస్తుంది. రోజూ అదే వేళకు మోకరిస్తాం, అవే మాటలు పలుకుతాం, ఆమెన్ అని లేస్తాం. మనసు మాత్రం రేపు కట్టాల్సిన ఫీజు మీదో, రావాల్సిన జీతం మీదో ఉంటుంది. పెదవులతో ఘనపరుస్తూ హృదయాన్ని దూరంగా ఉంచుకునే జనాన్ని యెషయా ప్రవక్త హెచ్చరించాడు. ప్రభువు కూడా ఆ మాటనే ఎత్తి పరిసయ్యులకు చెప్పాడు. అది చదివినప్పుడల్లా నాలో ఒకటే ప్రశ్న. మనసు కదిలిన రోజునే ప్రార్థించి, కదలని రోజున ఊరుకోవడమే నిజాయితీ కాదా?

ఈ ప్రశ్నకు కొంత వెలుగు కోహెడలో, మా పెద్దమ్మ ఇంట్లో దొరికింది.

కోహెడ ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ, 2016 దాకా కరీంనగర్ జిల్లాలోదే. మోయతుమ్మెద వాగు, శనిగరం చెరువు, వరి, మక్క, పత్తి చేలు. ఈ వైపు సువార్త తెచ్చినవాళ్లలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు ముఖ్యులు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వాళ్లు కట్టించిందే. 1947లో సీఎస్ఐ ఏర్పడినప్పుడు వాళ్ల సంఘాలు అందులో కలిశాయి. ఆ మిషనరీలకు మూలపురుషులైన వెస్లీ సోదరులు, 18వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లోనే ప్రార్థనకు, వాక్యపఠనానికి, ఉపవాసానికి, చెరసాలలో ఖైదీలను చూసి రావడానికి వేళలు పెట్టుకుని నడుచుకున్నారు. తోటివాళ్లు ఎగతాళి చేశారు. వేళ పెట్టుకుని దేవుణ్ణి వెదకడం అప్పుడూ కొందరికి వింతగానే తోచింది.

మా పెద్దమ్మకు ఈ చరిత్ర ఏదీ తెలియదు. చదువు రాదు. క్రిస్మస్‌కు ముందు, ఊరంతా పత్తి ఏరే కాలంలో నేను ఆమె ఇంట్లో కొన్నాళ్లున్నాను. కోడి కూయకముందే లేచి, ముఖం కడుక్కుని, గోనెసంచి పరుచుకుని మోకాళ్ల మీద కూర్చునేది. కొంగు తల మీదికి లాక్కునేది. పత్తికాయ మొనలు గీరుకుని వేళ్ల చివర్లు పగిలి ఉండేవి. ఆ చేతులు జోడించి మొదట పరలోక ప్రార్థన చెప్పేది, తర్వాత సన్నగా ఒక కీర్తన అందుకునేది. ఆ తర్వాత వాడకట్టు మొదలయ్యేది.

"బోరింగు కాడి ఇల్లు, తండ్రీ. పెద్దాయనకు కాళ్లు గుంజుతున్నయ్. సూడు. దాని పక్కిల్లు, తాళమేసి ఉన్నది. బొంబాయిల ఉన్నరు, సల్లగుంచు. ఆ మూల ఇల్లు. పిల్లకు మంచి సంబంధం సూపియ్యి..."

అలా ఇంటి తర్వాత ఇల్లు. అందులో సంఘంవాళ్ల ఇళ్లు కొన్నే. బతుకమ్మ పేర్చే ఇళ్లూ, నమాజు చేసే ఇల్లూ వరసలోనే వచ్చేవి. కూలి పైసలు ఇంకా ఇవ్వని ఆసామి ఇల్లు రాగానే గొంతులో ఏ తేడా లేకుండా, "ఆయన చేనుకు తెగులు రానియ్యకు" అనేది. చీటీ రాసుకోవడం రాని మనిషికి వీధే చీటీ అయింది.

దుప్పటి కప్పుకుని వింటూ ఉండేవాణ్ణి. మర్నాడూ అవే ఇళ్లు, అదే వరస, ఇంచుమించు అవే మాటలు. కొన్నాళ్లకు తర్వాతి మాట ఏమిటో నేనే చెప్పగలిగేవాణ్ణి. నా పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఇది ప్రార్థనా, అప్పజెప్పడమా? ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, రోజూ గవే మాటలు చెప్తవు. దేవునికి ఎరుక లేదా?"

"దేవునికి ఎరుకే బిడ్డా. నాకే యాది ఉండది" అంది.

అప్పటికి ఆ జవాబును అమాయకత్వం కింద తీసుకున్నాను. దాని లోతు ఆ వారంలోనే తెలిసింది. ఒక వేకువన ఆమె వాడకట్టు చెప్తూ చెప్తూ ఒక ఇంటి దగ్గర ఆగింది. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇల్లు అది. పెద్దమ్మ కాసేపు మౌనంగా ఉండి, "నిన్న ఆమె నల్ల కాడికి రాలే" అని తనలో తాను అనుకుంది. ప్రార్థన అక్కడే ఆపేసి, ఆమెన్ కూడా అనకుండా లేచి, చెప్పులేసుకుని చీకట్లోనే వెళ్లింది. ముసలమ్మ జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడి ఉందట. జావ కాచి తాగించి, ఆటో మాట్లాడి దవాఖానకు పంపి వచ్చేసరికి తెల్లగా తెల్లారింది. ఆ రోజు చేనుకు ఆలస్యంగా పోయింది. మిగిలిన ఇళ్లను పత్తి ఏరుకుంటూ చెప్పుకుందేమో, అడగలేదు.

ఈ సంగతిని నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ వేకువన పెద్దమ్మలో ప్రత్యేకమైన భక్తిపారవశ్యం ఏదీ లేదు. రోజూ లాగానే కూర్చుంది. కానీ రోజూ ఆ పేరు దగ్గరికి వచ్చే మనిషి కాబట్టే, ఆ పేరుగల మనిషి కనిపించకపోవడం ఆమెకు తట్టింది. మనసు పలికినప్పుడే ప్రార్థించే నాలాంటివాడికి ఆ ఇల్లు ఎప్పుడు గుర్తొచ్చి ఉండేది? బహుశా చావు కబురు విన్న రోజున. ఆ రోజున మాత్రం ఎంతో ఆర్తితో ప్రార్థించి ఉండేవాణ్ణి.

ప్రభువు నడవడి కూడా దీని వైపే చూపుతుంది. విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లడం ఆయనకు వాడుక అని లూకా రాశాడు. ఇంకా ఆశ్చర్యం, అప్పగించబడిన రాత్రి ఒలీవల కొండకు వెళ్లడమూ ఆయన వాడుకే అంటాడు. చెమట నెత్తుటి బిందువుల్లా కారిన ఆ ప్రార్థన కోసం ఆయన కొత్త చోటు వెదకలేదు. రోజూ వెళ్లే చోటికే వెళ్లాడు. ఆ చోటు యూదాకు కూడా తెలుసని యోహాను చెప్తాడు. పేతురు, యోహానులు దేవాలయానికి వెళ్లింది పగలు మూడు గంటలకు, ప్రార్థన వేళకు. గుమ్మం దగ్గర కూర్చున్న కుంటివాడు వాళ్ల కంటబడింది ఆ వేళకు ఆ దారిన వెళ్లబట్టే.

మన నేల మీద ఈ సంగతి బాగా ఎరిగినవాడు బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్‌కు వచ్చినప్పుడు ఆయన ముందున్నది చాలావరకు చదువురాని కూలిజనం. వాళ్లు పగలంతా చేలల్లో ఉంటారు. పొద్దుగూకాక కూడుకుని, ఉపాధ్యాయుడు చెప్పగా పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, బైబిలు కథలు, కీర్తనలు నోటికి నేర్చుకునేవారు. పుస్తకం లేకపోయినా ఆరాధన నిలిచింది, రోజూ జరిగేది కాబట్టి. పెద్దమ్మ నోట విన్న ప్రార్థన అలాంటి సాయంకాలాల నుంచి వచ్చిందేనని నా నమ్మకం.

ఇంతా చెప్పి, అలవాటు ఉంటే చాలని అనలేను. యెషయా హెచ్చరిక ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. నలుగురూ వినాలని గొంతు పెంచే ప్రార్థన, అడగడానికే తప్ప వినడానికి కూర్చోని ఉపవాస కూడిక మనకు తెలియనివి కావు. అలవాటు మనసుకు బదులు కాదు. అయితే మనసు ఎండిపోయిన రోజుల్లో మనిషిని మోకాళ్ల దాకా తీసుకొచ్చేది మాత్రం అదే. అక్కడి నుంచి నడిపించేది దేవుని కృప.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక నేనూ మా అపార్ట్‌మెంటు కింది అంతస్తు నుంచి మొదలుపెట్టాను. వెంటనే ఒక చిక్కు వచ్చిపడింది. చాలా తలుపుల వెనక ఉన్నవాళ్ల పేర్లే నాకు తెలియవు. ప్రార్థనకు పేర్లు కావాలి కాబట్టి తలుపు తట్టక తప్పలేదు. వాచ్‌మన్ కుటుంబం ఏ ఊరిదో, పై అంతస్తు పెద్దాయన భార్య ఎప్పుడు పోయారో అలా తెలిసింది. కొన్ని రాత్రులు ఇప్పటికీ మాటలు పొడిగానే వస్తాయి. వరస మాత్రం తప్పనివ్వడం లేదు.

మీ ఇంట్లో ప్రార్థన వేళ లేకపోతే ఒకటి పెట్టుకోండి. అది చిన్నదైనా పర్వాలేదు. ఉన్నవాళ్లు అందులో మీ పక్కింటివాళ్ల పేరు చేర్చండి. పేరు తెలియకపోతే ముందు వెళ్లి అడిగి రండి.