కుర్సురా కడుపులో యు-180

ముదినేపల్లి నుంచి బస్సులో గుడివాడ, అక్కణ్ణుంచి రైల్లో విశాఖ. వెంట చేపల చెరువులు చూసుకునే మా మేనల్లుడు. వాడికి సముద్రం కావాలి, నాకు ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ కుర్సురా కావాలి.

పొడవు 91 మీటర్లు. బయట కొండంత కనిపిస్తుంది. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరాల్సిందే. సుమారు 75 మంది ఇందులోనే తిని, పడుకుని, డ్యూటీ చేసేవారు. టార్పెడోల పక్కనే పడకలు.

"మన చెరువు గట్టు మీది ఇంజన్ షెడ్డులో కాపురం పెట్టినట్టుంది మావయ్యా!" అన్నాడు మావాడు.

గైడు 1971 డిసెంబరులో ఈ తీరం దగ్గరే మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ గురించి చెబుతున్నాడు. అందరి చెవులూ అటే. నేను వచ్చింది మాత్రం మన హైదరాబాదు మనిషి అబిద్ హసన్ కోసం. బెర్లిన్‌లో చదువు పక్కన పెట్టి నేతాజీ వెంట నడిచినాయన. 'జైహింద్' ఆయన ఇచ్చిన నినాదమేనంటారు. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవులో ఇద్దరూ జర్మన్ సబ్‌మెరైన్ యు-180 ఎక్కారు. అదీ దాదాపు ఇంత పొడవుదే. రెండున్నర నెలలు అందులోనే. రొట్టెకీ దుప్పటికీ డీజిల్ కంపు. స్టోరులో బియ్యం, పప్పు కనబడితే హసన్ కిచిడీ వండారట. నేతాజీ దాన్ని జర్మన్ అధికారులకూ పెడుతుంటే, సరుకు అయిపోతుందేమోనని హసన్‌కి గుబులు! చరిత్రలో నాక్కావలసినవి ఇలాంటివే.

దారిలో ఆ సబ్‌మెరైన్ కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకరును ముంచింది. ఏప్రిల్ చివర, మడగాస్కర్ దాపుల్లో, ఎగిసిపడే అలల మీద రబ్బరు పడవలో ఇద్దరూ జపాన్ సబ్‌మెరైన్ ఐ-29కి మారారు.

తర్వాత యు-180ని సరుకులు మోసేదిగా మార్చారు. 1944 ఆగస్టులో బోర్డో నుంచి తూర్పుకి బయలుదేరి బిస్కే అఖాతంలో మునిగింది. మైను తగిలిందని కొందరు, గాలి పీల్చే గొట్టం (స్నార్కెల్) చెడిందని కొందరు. 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అంతకు నెల ముందే ఐ-29ని అమెరికన్లు ముంచేశారు.

ఇదంతా బయటికొచ్చి, మొక్కజొన్న పొత్తులు తింటూ వాడికి చెప్పాను.

"మరి ఆ కిచిడీ ఆయనో?"

"యుద్ధం దాటి బతికారురా. డెన్మార్క్‌లో మన రాయబారిగా కూడా చేశారు. 1984 దాకా ఉన్నారు."