గంట స్తంభం కింద ఆపా



మా అమ్మాయికి విజయనగరంలో డిగ్రీ సీటు వచ్చింది, మాషా అల్లాహ్. అడ్మిషన్ రోజు భోగాపురం నుంచి ముగ్గురం బయలుదేరాం. నేను, అమ్మాయి, మా ఆపా. ఆపాని ఎవరూ పిలవలేదు. ముందురోజు మగ్రిబ్ వేళకి శ్రీకాకుళం నుంచి తనే బస్సు దిగింది. చేతిలో గుడ్డసంచీ, అందులో పాత దుపట్టాలో చుట్టిన పొట్లం ఒకటి.

"ఫీజు కట్టడానికి నువ్వొక్కడివి చాలవా ఏటి, నువ్వెందుకొచ్చావు అని అడక్కు. నాకు గంట స్తంభం చూడాలనుంది" అంది గుమ్మంలోనే.

నేను అడగలేదు. ఆపా గంట స్తంభం అనగానే నాకు గుండెలో ఏదో కలుక్కుమంది. ముప్పై నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఆవిడ ముందు అనలేదు మరి.

కారులో నాతవలస దాటి డెంకాడ వైపు తిరిగేదాకా ఆపా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. జీడితోటలు ఎక్కడిదాకా ఉండేవో, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయాయో లెక్క పెట్టుకుంటోంది. ఎయిర్‌పోర్టు వచ్చాక మా వైపు రోడ్ల ముఖమే మారిపోయింది. ఆపా చదువుకున్న రోజుల్లో ఇదే హైవేని ఐదో నంబరు రోడ్డు అనేవాళ్ళం. సాయంత్రమైతే లారీ లైట్లు తప్ప వేరే వెలుతురు ఉండేది కాదు.

చదువుకున్న రోజులు అన్నాను గానీ, అవి రెండు నెలలే.

1991లో ఆపా టెన్త్ పాసయింది. మా ఖాందాన్‌లో అంతవరకు వచ్చిన మొదటి ఆడపిల్ల. అమ్మీ ఎన్ని దువాలు చేసిందో, ఎన్ని రాత్రులు అబ్బాతో గుసగుసలాడిందో గానీ చివరికి అబ్బా ఇంటర్‌కి ఇజాజత్ ఇచ్చాడు. రెండు షరతులు పెట్టాడు. సాయంత్రం ఐదుంబావు బస్సుకి ఊళ్ళో దిగిపోవాలి. స్టాపు దగ్గర నేను నిలబడి ఇంటికి తీసుకురావాలి. బస్సు తప్పిపోకుండా తన చేతి గడియారం తీసి ఆపా చేతికి పెట్టాడు. కీ ఇచ్చే హెచ్ఎంటీ జనతా. మగవాళ్ళ గడియారం కదా, ఆపా మణికట్టుకి వదులై మోచేతి దాకా జారిపోయేది. బెల్టుకి మేకుతో ఇంకో రెండు కన్నాలు పొడిచింది.

అది రోజుకి నాలుగైదు నిమిషాలు వెనకపడేది. అందుకని ఆపా రోజూ కాలేజీ నుంచి వచ్చేటప్పుడు గంట స్తంభం కింద ఆగి, పైకి చూసి, ముల్లు సరిచేసుకునేది. అదేదో పెద్ద బాధ్యతలాగా ఇంటికొచ్చి చెప్పేది, "ఈవాళ నాలుగు నిమిషాలు లేటు అబ్బా, సరిచేశాను" అని. అబ్బా తలూపేవాడు. నవ్వును దాచుకునేవాడని అమ్మీ తర్వాత చెప్పింది.

నాకు పధ్నాలుగేళ్ళు. ఐదుంబావు అంటే కొబ్బరితోట వెనక మైదానంలో నా బ్యాటింగ్ వచ్చే టైము. రోజూ ఆట మధ్యలో వదిలి ఆపా కోసం స్టాపుకి పరిగెత్తడం నాకు నామోషీగా ఉండేది. ఆగస్టులో ఒకరోజు బస్సు రాలేదు. ఆరయింది, మగ్రిబ్ అజాన్ టైమైపోయింది, ఏడయింది. ఏడుంబావుకి ఆపా వేరే బస్సులో దిగింది. ఎప్పుడూ ఎక్కే బస్సు డెంకాడ దగ్గర చెడిపోయిందట. ముఖమంతా చెమట, భయం. నేను మాట్లాడలేదు. రెండు గంటలు నిలబెట్టిందన్న కోపం తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

ఇంటికొచ్చాక అబ్బా నన్ను పక్కకి పిలిచి అడిగాడు, ఏమైందిరా అని. నేను అన్నాను: "ఆపా గంట స్తంభం దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోయిందట. బస్సులో వచ్చినవాళ్ళు అనుకుంటున్నారు."

ఎవరూ అనుకోలేదు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ వాక్యం నా నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

అబ్బా కేకలెయ్యలేదు. ఆపాని ఒక్క ప్రశ్న అడగలేదు. మర్నాడు ఫజర్ అయ్యాక గూట్లో ఉన్న గడియారం తీసి తన చేతికి పెట్టుకున్నాడు. అంతే. ఆపా తలదువ్వుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని, గూట్లోకి చూసింది. అబ్బా చేతివంక చూసింది. సంచీ దింపేసింది. ఏడాదిన్నరకి శ్రీకాకుళంలో నిఖా అయిపోయింది. బావగారు నిదానస్తులు, మంచి మనిషి. ముగ్గురు కొడుకులు, అల్హందులిల్లాహ్ అందరూ స్థిరపడ్డారు. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరే అది. ఆపా ఆ ఊళ్ళో ఇల్లు నడిపింది, మిషన్ కుట్టింది, పిల్లలకి ఖురాన్ చెప్పింది. "సుఖంగా లేదా?" అని ఎవరైనా అడిగితే, ఉంది అనే చెప్పాలి. ఆ జవాబు నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది కూడా.

అడ్మిషన్ పని గంటలో అయిపోయింది. అప్పుడు ఆపా పొట్లం విప్పింది.

గురజాడ వారి కన్యాశుల్కం. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టిన పుస్తకం. లోపల ఆపా చదివిన కాలేజీ లైబ్రరీ ముద్ర. ఆఖరి రోజు తెచ్చుకున్న పుస్తకం, మళ్ళీ వెళ్ళే అవకాశం రాలేదు గనక ఇవ్వలేకపోయిన పుస్తకం.

"అమానత్ కదరా. ఆఖిరత్‌లో అడుగుతారు" అంది. "మా అత్తారింట్లో మూడు ఇళ్ళు మారాం. ప్రతిసారీ బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చాను."

ఆ కాలేజీకి వెళ్ళాం. లైబ్రరీలో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. పుస్తకం అటూ ఇటూ తిప్పి, కంప్యూటర్‌లో వెతికి, ఈ నంబరు మా దగ్గర లేదండీ, అంత పాత రిజిస్టర్లు ఇప్పుడు లేవు అంది. ఆపా కదల్లేదు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "డొనేషన్ కింద రాసుకోమంటారా మేడమ్?" అంది.

"డొనేషన్ కాదమ్మా. వాపసు."

ఆ పిల్ల ఆపా ముఖం చూసి, ఇంకేం మాట్లాడకుండా ఒక తెల్లకాగితం మీద "పుస్తకం తిరిగి ఇవ్వబడింది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చింది. అల్లాహ్ ఆ పిల్లకి బర్కత్ ఇవ్వాలి. ఆపా ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

అక్కడినుంచి మూడు లాంతర్ల మీదుగా గంట స్తంభానికి నడిచాం. బజారు కిటకిటలాడుతోంది. బంగారం షాపులు, బట్టల షాపులు, ఆటోల హారన్లు. మధ్యలో ఎనిమిది పలకల స్తంభం. నా చిన్నప్పుడు ఆకాశాన్ని తాకుతున్నట్టుండేది. ఇప్పుడు చుట్టూ మేడలు లేచి దాన్ని కాస్త కుదించేశాయి.

చెప్పాల్సిన ఒక్క మాట గొంతులో పెట్టుకుని నేను మా అమ్మాయికి చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. మగవాళ్ళకి ఇదొక అలవాటు. ఈ స్తంభం 1885 నాటిదమ్మా, ఇసుకరాయితో కట్టింది, 68 అడుగులు, లండన్ బిగ్ బెన్‌ని చూసి కట్టారంటారు. లండన్‌ది 316 అడుగులులే, మనది దానికి పిల్ల. అప్పుడు ఇక్కడ ఆనంద గజపతి మహారాజు. నీ ఫుప్పూ ఇచ్చొచ్చిన పుస్తకం ఉందే, ఆ నాటకాన్ని 1892లో ఈ ఊళ్ళోనే మొదట ఆడారు, 1897లో అచ్చేసి గురజాడ ఆయనకే అంకితమిచ్చారు. మహారాజా కాలేజీ అంతకుముందే, 1857లో బడిగా మొదలై 1879కి కాలేజీ అయింది. 1919లో సంగీత కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల చదివింది అక్కడే. విద్యల నగరం అని ఊరికే అనలేదు.

అమ్మాయి ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ ఊ కొడుతోంది. నేను ఆగలేదు. ఈ కోట ఎక్కడ కట్టాలో రాజుగారికి చూపించింది ఒక ముస్లిం ఫకీరట, మహబూబ్ వలీ. అడవిలో ఇబాదత్ చేసుకుంటున్న ఆయన్ని అడిగితే జాగా చెప్పారని ఇక్కడివాళ్ళు అంటారు. 1713, విజయనామ సంవత్సరం, విజయదశమి నాడు శంకుస్థాపన. మనం ఈ జిల్లాలో గుప్పెడుమందిమే గానీ, ఊరి పునాది దగ్గరే మనవాడి పేరు వినబడుతుంది చూడు.

ఇంకా ముందుకెళ్ళి డమాస్కస్ దాకా పోయాను. మసీదులకి నమాజ్ వఖ్త్ లెక్కగట్టే ముఅఖ్ఖిత్‌లు ఉండేవారని, ఉమయ్యద్ మసీదు ముఅఖ్ఖిత్ ఇబ్న్ అల్-షాతిర్ 1371లో మినార్ మీద నీడ గడియారం చెక్కించాడని. బొంబాయి యూనివర్సిటీలో రాజాబాయి టవర్ ఉంది, ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే సేఠ్ తల్లి పేరు మీద కట్టించింది. చూపులేని ఆ జైన తల్లి పొద్దుగూకేలోపు భోజనం చెయ్యాలి కాబట్టి, గంట విని టైము తెలుసుకునేదని చెబుతారు. మన ఇఫ్తార్‌లాగే, కాకపోతే తలకిందులుగా.

"నీ ఉపన్యాసం అయిందా?" అంది ఆపా. "అయితే టీ తాగుదాం. కాళ్ళు లాగుతున్నాయి."

అమ్మాయి నోట్‌బుక్స్ కొనుక్కోవడానికి ఎదురుషాపులోకి వెళ్ళింది. ఆపా టీ గ్లాసు పట్టుకుని స్తంభానికేసే చూస్తోంది. సరిగ్గా ఎక్కడ నిలబడేదో నాకు చూపించింది. అప్పుడు అక్కడ సోడాబండి ఉండేదట. నేను జేబులో చెయ్యి పెట్టాను. అబ్బా ఇంతెఖాల్ అయినప్పటినుంచి ఆ హెచ్ఎంటీ నా దగ్గరే ఉంది. ఆ రోజు ఎందుకో కీ ఇచ్చి జేబులో వేసుకొచ్చాను.

"ఆపా, ఆ రోజు నేను అబ్బాకి అబద్ధం చెప్పాను."

ఆపా తల తిప్పలేదు.

"బస్సులో ఎవరూ ఏమీ అనలేదు. నేనే కల్పించాను."

"తెలుసురా."

"ఎలా తెలుసు?"

"ఆ బస్సులో మనూరోళ్ళు ఎవరున్నారు, నాకు తెలీదేటి? ఎక్కింది నాను కదా." ఒక గుక్క తాగింది. "అబ్బాకీ తెలుసు."

నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. అబ్బాకి తెలిసుంటే ఎందుకు ఆపాడని అడిగాను. అప్పటికే చుట్టుపక్కల నలుగురూ నాలుగు మాటలు అంటున్నారని, అబ్బా రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని, ఇజ్జత్ ఫికర్ ఆయన్ని తినేస్తోందని ఆపా చెప్పింది. ఆరోపణ చేస్తున్నట్టు లేదు ఆ గొంతు. వేరే ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టుంది.

"అబ్బాకి ఒక సాకు కావాలి. నువ్విచ్చావు. నువ్వు కాకపోతే ఇంకొకడు ఇచ్చేవోడు."

నేను ఊపిరి తీసుకున్నాను. అప్పుడు ఆపా నావైపు తిరిగింది.

"అయినా ఇచ్చింది నువ్వే కదరా, ఛోటూ."

ఏం మాట్లాడాలో తోచలేదు. మాఫ్ చేశావా అని అడిగాను చివరికి. కల్మషం లేకుండా అడగాలనుకున్నాను గానీ గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. ఆపా జవాబు చెప్పలేదు. టీ చల్లారిపోతోంది తాగు అంది. నేను తాగాను. సూరా అల్-అసర్‌లో మూడే ఆయత్‌లు. చిన్నప్పుడు నాకు అది నేర్పింది ఆపానే. అల్లాహ్ కాలం మీద ప్రమాణం చేసే సూరా. ఆ మూడు ఆయత్‌లు ఆ రోజు ఆ బజారులో నాకు వినబడుతూనే ఉన్నాయి. అసర్ జమాత్ కూడా తప్పిపోయింది.

గడియారం తీసి బల్లమీద పెట్టాను. ఆపా చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని బెల్టు తిప్పి చూసింది.

"దీని బెల్టెవరు మార్చారు?"

"అబ్బానే. చాలా ఏళ్ళ కిందట."

"కన్నాలు పోయాయన్నమాట" అంది.

లేచి, టీ బండి దాటి, రోడ్డు మధ్యకి ఆటోల మధ్యలోంచి నడిచింది. నాకు భయమేసి వెనకే వెళ్ళాను. స్తంభం కింద, ఒకప్పుడు సోడాబండి ఉండేచోట ఆగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, మెడ ఎత్తి చూసింది. తర్వాత జనతా గడియారం కీ బయటికి లాగి ముల్లు తిప్పింది. ఒక ఆటోవాడు "పక్కకెళ్ళండమ్మా" అని అరిచాడు. ఆపా పనయ్యాకే కదిలింది. గడియారం నా చేతికి తిరిగివ్వలేదు. లైబ్రరీ కాగితం పెట్టిన పర్సులోనే వేసుకుని జిప్ లాగింది.

మా అమ్మాయి నోట్‌బుక్స్‌తో వచ్చి, "ఫుప్పూ, రేపట్నుంచి నేను సాయంత్రం బస్సులో ఒక్కదాన్నే వస్తానని పప్పాకి చెప్పు" అంది. స్టాపు దగ్గరికి నేను బండి తెస్తానని నేను అన్నాను. "అక్కర్లేదు, నాను చెప్పాను కదా, అదే వస్తాది" అంది ఆపా. అప్పటికి ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత శ్రీకాకుళం నుంచి ఫోను. సలాం కూడా సరిగ్గా అనకుండా మొదలుపెట్టింది.

"ఇది ఇంకా వెనకే నడుస్తోందిరా. రోజుకి ఐదు నిమిషాలు. చిన్నది మళ్ళీ అటెళ్ళినప్పుడు నాకు ఫోను చెయ్యమను. టైమెంతో చూసి చెబుతాది."