వేసంగొచ్చినా రాలని బొచ్చు

గుర్రం ఒంటి మీది చలికాలపు బొచ్చు ముఖ్యంగా పగటి పొడుగుని బట్టి రాలుతుంది. ఎండలు ముదరడంతో దానికి పెద్దగా పని లేదు. మన విశాఖలో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా దాదాపు 2 గంటలే. ఒంట్లో అన్నీ సరిగ్గా ఉంటే గుర్రానికి ఆ కాస్త తేడా చాలు.

ఏప్రిల్‌లో సీతమ్మధారలో, మా వీధి పెళ్ళి ఊరేగింపుకి వచ్చిన ఆడగుర్రానికి దవడ కిందా పొట్ట కిందా వేలెడు పొడుగు బొచ్చు. దాని మీద జరీ మఖమల్ గుడ్డ.

"ముసలిదైపోనాదండి, రెండేళ్ళ నుంచి రాలట్లేదు" అన్నాడు పగ్గం పట్టుకున్న కుర్రాడు.

వయసు మళ్ళిన గుర్రాల్లో పిట్యూటరీ గ్రంథి పాడైతే ఇలా అవుతుంది. పెళ్ళివాళ్ళేమో ఎంత ఒత్తుగా ఉందోనని ఫోటోలు దిగుతున్నారు.

గుర్రం మనలాగే చెమట పట్టి చల్లబడుతుంది. ఈ సముద్రపు ఉక్కలో మన చొక్కాయే ఆరదు, ఆ బొచ్చు కింద చెమటేం ఆరుతుంది? మెషిన్‌తో బొచ్చు కత్తిరించాలి, గాలాడే నీడన కట్టాలి, చెమటతో పోయిన ఉప్పు మళ్ళీ అందాలి. గ్రంథి సంగతి పశువుల డాక్టరు చూడాలి.

"కత్తిరిస్తే బేరాలు రావండి, అందం పోద్ది."

మఖమల్ అయినా తీయమన్నాను. పెళ్ళికొడుకు దిగేదాకా కుదరదన్నాడు. దిగాక మా వాచ్‌మన్ పైపు లాక్కొచ్చాడు. ఒకసారి కుమ్మరించి ఊరుకుంటే చాలదు, పోస్తూనే ఉండాలి. పావుగంట పోశాం. డొక్క మీద చెయ్యి వేస్తే ఇంకా వేడిగానే ఉంది. కుర్రాడు ఫోన్ చూసుకున్నాడు. ఎనిమిదిన్నరకి ఇంకో పెళ్ళి ఉందట.