నవంబరు 1: ఒక తేదీ, రెండు వారసత్వాలు

పామిడిముక్కల మొదలుకొని బందరు వరకు పరచుకొన్న కృష్ణా డెల్టా గ్రామాలలో నవంబరు 1 అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఆంధ్రప్రదేశ్ అవతరణ దినమే. అయితే అవతరణకు 92 సంవత్సరాల ముందు, అదే తేదీన, ఆ ప్రాంతం తన చరిత్రలోకెల్లా ఘోరమైన రాత్రులలో ఒకదానిని చూసింది.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమలులోకి రాగా, ఆంధ్ర రాష్ట్రమూ హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతమూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కేరళ, నేడు కర్ణాటకగా పిలుస్తున్న మైసూరు, మధ్యప్రదేశ్ కూడా ఆనాడే రూపుదిద్దుకొన్నాయి. విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమంలో పోలీసు కాల్పులకు పలువురు బలైనది కూడా 1966 నవంబరు 1ననే కాబట్టి, పదేళ్లు తిరిగేసరికే పండుగరోజుకు విషాదం తోడయింది. 2014 విభజన తరువాత ఈ ఉత్సవం కొన్నేళ్లు ఆగిపోయి 2019లో మళ్లీ మొదలైంది. ఒక తేదీ పండుగ కావడమైనా, కాకపోవడమైనా పాలకుల నిర్ణయాన్ని బట్టి ఉంటుందనడానికి ఇదే నిదర్శనం.

1864 నవంబరు 1 రాత్రి గాలివానతో పాటు వచ్చిన ఉప్పెన బందరునూ తీరగ్రామాలనూ ముంచెత్తింది. తుఫాను గాలులు సముద్రజలాన్ని లోతు తక్కువైన తీరం మీదికి నెట్టగా ఒక్కసారిగా పైకి లేచి భూమి మీద పడే నీటి పోటునే ఉప్పెన అంటారు. మెరకలు లేని డెల్టా భూములలో దానికి అడ్డు నిలిచేదేదీ ఉండదు. సాధారణ పోటు మట్టానికి 13 అడుగుల ఎత్తున నీరు లేచిందనీ, సుమారు 30,000 మంది మరణించారనీ నాటి లెక్కలు చెబుతున్నాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి, కాలువల నీటితో డెల్టా పచ్చబడడం మొదలై అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

ప్రపంచ చరిత్రలోనూ ఈ తేదీకి ఇటువంటి ఘట్టమే ఉంది. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపం, సునామీ, అగ్నిప్రమాదం వరుసగా ధ్వంసం చేయగా, మంత్రి పొంబల్ ప్రతి చర్చి పరిధికీ ప్రశ్నావళి పంపి, ప్రకంపన ఎంతసేపు సాగింది, సముద్రం ముందుగా వెనక్కు తగ్గిందా వంటి వివరాలు రాబట్టాడు. భూకంపాల అధ్యయనానికి అది ఒక పునాది. భారతదేశంలో 1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుఫాను, నెల తిరగకుండానే బందరుపై పడిన ఉప్పెన ముందస్తు హెచ్చరికల అవసరాన్ని చాటాయి. మరుసటి ఏడాది కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు ప్రారంభం కాగా, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

హెచ్చరిక వెలువడడం వేరు, అది గుడిసె గడపకు చేరడం వేరు. బందరు ఉప్పెనకు 113 సంవత్సరాల తరువాత, 1977 నవంబరు 19న ఇదే డెల్టాలోని దివిసీమలో వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించడానికి ఆ అంతరమూ ఒక కారణం. దివిసీమ మృతులకు స్మారకచిహ్నాలు, ఏటేటా నివాళులు ఉన్నాయి. వారికి మూడింతల మందిని పోగొట్టుకొన్న 1864కు జనస్మృతిలో అంతటి చోటు దక్కలేదు.

బంగాళాఖాతంలో తీవ్ర తుఫానులు ఎక్కువగా పుట్టేది అక్టోబరు, నవంబరు నెలలలోనే కాబట్టి, నవంబరు 1న జెండా ఎగురవేసే ప్రతి డెల్టా పాఠశాలలోనూ బందరు ఉప్పెనను ఒక పాఠంగా చెప్పి, ఊరివారు తుఫాను వేళ చేరవలసిన చోటు ఏదో పిల్లలకు చూపించాలి. అవతరణ దినోత్సవానికి ఈ ప్రాంతం చేర్చదగిన కార్యక్రమం ఇంతకంటె మరొకటి లేదు.