వేపచెట్టు కింది రాయి

బలసముద్రంలో మా పాత చేను గట్టున ఒక వేపచెట్టు, దాని కింద మోకాలెత్తు రాయి ఉన్నాయి. రాయికి ముక్కూ మొహం లేవు. పసుపు పూసి, తంబిట్టు దీపాలు పెట్టి, మా పెద్దోళ్ళు ‘మారెమ్మా’ అని మొక్కింది దానికే. పోయినేడు చందాలేసుకుని గుడి కడదామనుకున్నాం. నాలుగు చేతులు, త్రిశూలం, సింహం ఉన్న విగ్రహం తెద్దామని బెంగళూరులో ఉండే మావాళ్ళు అన్నారు. “మరి ఈమెనేం చేస్తారు?” అని అడిగింది మా పెద్దత్త.

తెలుగులో మశూచికి అమ్మవారనే పేరు. ఒంటిమీద పొక్కులు లేస్తే రోగమొచ్చిందనేవాళ్ళు కాదు, అమ్మ వచ్చిందనేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టి, పోపులు మానేసి, అంబలి, మజ్జిగ పెట్టేవాళ్ళు. తెచ్చేదీ ఆమే, చల్లబడితే తీసుకుపోయేదీ ఆమే. పావగడ శనిమహాత్ముడి గుడిలో శీతలాంబ ఉంది కదా, ఆ పేరులోనే చల్లదనం ఉంది. మన దేశంలో మశూచి 1975లో ఆగిపోయింది. 1980లో ప్రపంచంలోనే లేదన్నారు. రోగం పోయింది గానీ అమ్మ పోలేదు. ఇప్పుడు బోరులో నీళ్ళకీ, పిల్లల సీట్లకీ ఆమెకే మొక్కుకుంటున్నాం.

గ్రీకు కథలు చదివే మా పిల్లోడు, “అపోలో కూడా ఇంతే” అన్నాడు. నిజమే. ‘ఇలియడ్’ మొదట్లోనే ఆయన కోపంతో బాణాలేసి దండులో మహమ్మారి రేపుతాడు. బలులిచ్చి పాటలు పాడితే శాంతిస్తాడు. తర్వాతి కాలానికి ఆయన వెలుగుకీ సంగీతానికీ దేవుడని పేరు పడింది. రెండో శతాబ్దంలో దేశం తిరిగిన పౌసేనియస్ ఫారే అనే ఊళ్ళో ముప్ఫై నలుపలకల రాళ్ళు చూశాడు. ఒక్కో రాయికి ఒక్కో దేవుడి పేరు. పూర్వం గ్రీకులందరూ విగ్రహాలకు బదులు చెక్కని రాళ్ళనే కొలిచేవాళ్ళని రాసిపెట్టాడు. అందమైన పాలరాతి దేవుళ్ళకు ముందు వాళ్ళకీ మన గట్టుమీది రాళ్ళలాంటివే ఉండేవన్నమాట!

కాబట్టి విగ్రహం వస్తే తప్పేమీ లేదనుకున్నాం. కానీ దేవత పేరు మారితే పూజారి కూడా మారతాడు, ఆ సంగతి మేము ఆలోచించలేదు. ప్రతిష్ఠ చేసిన అయ్యవారు సంకల్పంలో దుర్గ అన్నాడు. ఏటేటా వచ్చి మారెమ్మ పాట పాడే ఆసాది ముసలాయనకు మేమెవరం కబురు పెట్టలేదు. మాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఈ ఏడు కబురు పెట్టాం. వచ్చాడు. విగ్రహం వైపు ఒకసారి చూసి, చెట్టు కిందికి పోయి కూచున్నాడు. పెద్దత్త పసుపు గిన్నె పట్టుకుని ఆయన పక్కకే పోయింది. రాయిని ఎవరమూ కదపలేదు.