కామాటిపురలో వెదురు విల్లులు

ముంబై సెంట్రల్ స్టేషన్‌లో దిగి తూర్పు వైపు నడిస్తే కాసేపటికి కామాటిపుర వస్తుంది. ఆ పేరెత్తగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మాట మార్చేస్తారు. ఆ పేరులో ఉన్నది మనవాళ్ళేనని మాత్రం చాలామందికి తెలియదు. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరంలో రాళ్ళు మోసి గోడలు కట్టిన తెలుగు కామాటీల పేరే ఆ వాడకు నిలిచింది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు పూర్తయి సముద్రపు పోటు ఆగాక, ఆరి నివాసానికి పనికొచ్చిన పల్లపు నేలల్లో అదొకటి.

నేను అక్కడికి మొదటిసారి వెళ్ళింది 1996 జనవరిలో, బ్యాంకులో చేరిన కొత్తలో, ఒక లోను దరఖాస్తు పట్టుకుని. దరఖాస్తుదారుడిది పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. చాల్ రెండో అంతస్తులో ఒకే గది. వెదురుతో విల్లులు చేస్తాడు, రాంలీలా మేళాలకు కొన్ని, దసరాకి పిల్లలకు కొన్ని. మా గుంటూరు జిల్లాలో ఒకప్పుడు దసరా రోజుల్లో బడిపిల్లలు రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పప్పుబెల్లాలు తెచ్చుకునేవారని మా నాన్నగారు చెప్పేవారు. ఆ ముచ్చటతోనే మెట్లెక్కాను.

అడిగింది ఎనిమిది వేలు. వెదురు బాకీ తీర్చి, సరుకు ఆరేదాకా ఇల్లు గడవడానికి. సరుకు చూపించమన్నాను. అటక మీద, వరండా వాసాలకు కట్టి, ఎక్కడ చూసినా వెదురు బద్దలే.

"ఇవి ఎప్పుడు అమ్ముతారు?"

"దసరాకు సార్."

నేను చదివింది బి.కాం. తొమ్మిది నెలలు కదలని సరుకును ఏమనాలో పుస్తకాల్లో నేర్పారు. 'చలనం లేని నిల్వ' అని రాసి దరఖాస్తు తిప్పి పంపాను. వెదురు ఆరడం కూడా పనేనని చెప్పే గడి మా ఫారంలో లేదు. ఉన్నా నింపేవాణ్ణని చెప్పలేను.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. "లోను ఇయ్యని సార్ వచ్చిండు" అని నవ్వుతూ కొడుకుకు చెప్పి, కుర్చీ వేయించాడు. ఆనాడు నేను నిలబడి వినని సంగతులన్నీ ఈసారి కూర్చుని విన్నాను.

వానలు వెళ్ళాక, చలికాలంలో కొట్టిన వెదురే కావాలి. అప్పుడు లోపల పిండిపదార్థం తక్కువ, పురుగుకు తిండి ఉండదు. ఎండలో పడేస్తే పగులుతుంది. నీడన, గాలి ఆడేచోట నెలల తరబడి ఆరాలి. చెక్కడమంతా లోపలి వైపే. పైనున్న నున్నటి పొర జోలికి పోరు, విల్లు లాగినప్పుడు సాగే బలం దానిదే. ఆరిన బద్దను బొగ్గుల కుంపటి మీద ఒకచోట నిలపకుండా ఆడిస్తూ కాస్తే, పైన నూనెలాంటి చెమ్మ తేలుతుంది. "చెమట పట్టిందంటే ఇగ మాట ఇంటది" అన్నాడాయన. గుడ్డతో తుడిచి, పలక మీద కొట్టిన మేకుల మధ్య వంచి, పూర్తిగా చల్లారేదాకా తియ్యరు. వదలగానే కొంత వెనక్కి పోతుంది కనుక కావలసినదానికంటే కాస్త ఎక్కువే వంచుతారు.

"పచ్చిదాన్ని వంచితే?"

"వంగుతది సార్. నిలవది."

ఆ సంగతి ఆయనకు 1996లోనే అనుభవమయింది. బ్యాంకు కాదన్నాక వడ్డీకి తెచ్చాడు. నెలనెలా కట్టాలి కదా, ఆగే వీలు లేక సగం బద్దల్ని ఆరకముందే కుంపటికెక్కించాడు. ఆ దసరాకి అమ్మినవి వారం తిరక్కుండా వంపు పోయి వెనక్కి వచ్చాయి. డబ్బు తిరిగి ఇచ్చేశాడు. పెద్దకొడుకు బడి మానేసి గోదాములో మూటలు మొయ్యడానికి వెళ్ళాడు. నాకు టీ తెచ్చి ఇచ్చింది ఆ కొడుకే. పెద్దాయన ఇదంతా పక్కింటివాళ్ళ కథ చెప్పినట్టు చెప్పాడు.

ఏం మాట్లాడాలో తోచక మా తమ్ముడి కొడుకు సంగతి ఎత్తాను. వాడు అమెరికాలో సరదాకి హికరీ కర్రతో విల్లు చేస్తున్నాడు. దుంగను నిలువునా చీల్చి, కొసలు పగలకుండా రంగు పూసి, తేమ పది శాతం లోపుకు దిగేదాకా మీటరుతో చూసుకుంటూ కూర్చుంటాడు. హికరీ మహా గట్టి కర్ర, కాని గాలిలో చెమ్మ తాగితే మందగిస్తుందట.

"బొంబాయి వానల సంగతి ఆ పిల్లగానికి చెప్పకుండ్రి" అన్నాడు పెద్దాయన.

2023లో ప్రభుత్వం కామాటిపుర పునర్నిర్మాణానికి ఆమోదం తెలిపింది, పని మ్హాడా చేతిలో. ఇంట్లోవాళ్ళకు సంతోషమే. సొంత మరుగుదొడ్డి, లిఫ్టు ఎవరికి చేదు? కొత్త ఫ్లాటులో అటక ఉండదు, కుంపటి పెట్టనివ్వరు. అంతదాకా ఎందుకు, ఇప్పుడే వరండా కుంగకుండా కర్రలు పోటీ పెట్టారు. వాసాలకు ఏమీ కట్టవద్దని మాట. ఈ చలికాలం తెచ్చిన బద్దలు మంచం కింద ఉన్నాయి. మంచం కింద గాలి ఏది?

ఆ ఎనిమిది వేలు ఇప్పుడైనా ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పైసలొద్దు సార్. మీ ఇంట్ల జాగ ఉన్నదా?"

ఇరవై నాలుగు బద్దలు ఇప్పుడు డోంబివిలీలో మా బాల్కనీలో వేలాడుతున్నాయి. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేక మా ఆవిడ రోజూ అడుగుతోంది, ఇవి ఎప్పుడు కదులుతాయని. దసరాకి అంటున్నాను.