అడితిలో కూర్చుని చదువుకోవలసిన ఉత్తరాలు

మాల్మో
జూన్ మొదటి వారం

బాబాయ్,

పిన్ని మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆవిడ కట్టిచ్చిన సున్నుండలు విమానంలోనే సగం అయిపోయాయి.

బయల్దేరేముందు నువ్వడిగావు, స్వీడన్ కలప ఏపాటిదని. ముందు దానికే జవాబు రాస్తున్నాను. గోటితో గీరి, వాసన పట్టి, చేవ చూసుకుని టేకు కొనే మనిషివి నువ్వు. ఇక్కడి స్ప్రూస్, పైన్ దుంగలు నీ అడితి ముందు దింపితే బేరం దాకా కూడా వెళ్లవు. తెల్లగా, మెత్తగా ఉంటాయి, ఒళ్లంతా ముడులు. ఉత్తరాది చలికి చెట్టు ఎదుగుదల మరీ నెమ్మది. కొన్నిచోట్ల కోతకు రావడానికి ఎనభై తొంభై ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు పెరిగినా మాను సన్నంగానే ఉంటుంది. ఈ దేశం నేలలో దాదాపు 70 శాతం అడవే. సరుకుకు కొదవ లేదు గానీ ఒక్క దుంగ నుంచి పెద్ద దూలం తీయాలంటే కష్టం.

అందుకే అతకడం నేర్చుకున్నారు. 1919లో తొరెబొడ అనే చిన్న ఊళ్లో అతుకు దూలాల కార్ఖానా పెట్టారు. పలకలకు జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, బిగించి, కావలసిన వంపు తెప్పిస్తారు. 1920లలో మాల్మో, యోతెబొరి, స్టాక్‌హోమ్ రైల్వే స్టేషన్ల హాళ్లకు ఈ దూలాలే ఎక్కించారు. నూరేళ్లుగా కప్పును మోస్తూనే ఉన్నాయి. స్వీడన్ డిజైన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 2018లో హైదరాబాదులో తెరిచిన ఐకియా. అసలు కథ అంతకన్నా చాలా పాతదని ఈ మాల్మో స్టేషను హాల్లో కాసేపు నిలబడితే తెలుస్తుంది.

స్టాక్‌హోమ్
మరో ఉత్తరం

బాబాయ్,

నీకు నచ్చే కుర్చీ ఒకటి చూశాను. పేరు లిల్లా ఓలాండ్. 1942లో కార్ల్ మాల్మ్‌స్టెన్ గీశాడు. బాల్టిక్ సముద్రంలోని ఓలాండ్ దీవుల్లో ఒక చర్చి కుర్చీని చూసి దీన్ని చేశాడట. బర్చ్ చెక్క, వెనక సన్నని పుల్లలు, కింద కాస్త గుంటగా చెక్కిన పీట, అంతే. స్టోలాబ్ అనే కంపెనీ ఇప్పటికీ చేస్తోంది. నాకు కుర్చీ కన్నా దాని తర్వాతి సంగతే బాగుంది. ఈ కుర్చీలు కోయగా మిగిలిన ముక్కలతో మరీ లూయీస్ హెల్గ్రెన్ అనే ఈనాటి డిజైనరు ఒక స్టూలు చేసింది. మన దగ్గరైతే ఆ ముక్కలు పొయ్యిలోకి పోతాయి, లేదా నీ గుమస్తా బస్తాకింత అని హోటళ్లకు తోలిస్తాడు. వీళ్ల పొదుపు చాదస్తమనుకున్నా సరే, స్టూలు మటుకు అందంగా ఉంది.

ఊరి పక్కన సుంద్‌బీబెరిలో నీటి ఒడ్డున ఎనిమిదంతస్తుల కొయ్య ఫ్లాట్లున్నాయి. వింగోర్డ్స్ అనే సంస్థ గీసిన స్ట్రాండ్‌పార్కెన్. గోడలనిండా చేప పొలుసుల్లా సీడర్ పెంకులు. సిక్లా అనే పేటలో 2,50,000 చదరపు మీటర్ల కొయ్య పట్టణం కడతామని 2023లో ప్రకటించారు. ప్రపంచంలోకెల్లా పెద్దది అని చెప్పుకుంటున్నారు. ఈ 'కెల్లా'ల పోటీ ఎక్కడైనా విసుగే. పూర్తయ్యాక జనం కాపురాలు చేస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

ఉత్తరాదికి వెళ్లే రైల్లోంచి

బాబాయ్,

కిటికీలోంచి చూస్తే అడవి, చెరువు, ఎర్ర ఇల్లు. మళ్లీ అడవి, చెరువు, ఎర్ర ఇల్లు. ఆ ఎరుపు ఒక్కటే రంగు, దేశమంతా. ఫాలూన్ రాగి గని దగ్గర శతాబ్దాలుగా పోగుపడిన పనికిరాని మట్టిలో ఇనుము ఉంటుంది. దాన్ని కడిగి, కాల్చి, నీళ్లలో రై పిండి, అవిసె నూనె కలిపి ఉడికిస్తే అదే గోడ రంగు. గని 1992లో మూతపడినా రంగు తయారీ ఆగలేదు. ఈ పూత మెరవదు, పొరలా బిగుసుకోదు. చెక్కలో చేరిన తేమ బయటికి పోతుంది. మన మేస్త్రీలు తలుపుకు వార్నిష్ మీద వార్నిష్ కొట్టి లోపల పుచ్చిపోయేదాకా మెరిపిస్తారు చూడు, దానికి పూర్తిగా ఎదురు పద్ధతి.

ఇందాక సుంద్స్వాల్ దాటాం. 1888 జూన్ 25న ఈ ఊరు తగలబడిపోయింది. ఆవిరి పడవ నిప్పురవ్వలే కారణమంటారు. విచిత్రమేమిటంటే పైనున్న ఊమియో పట్టణం కూడా అదే రోజు కాలిపోయింది. సుంద్స్వాల్ వాళ్లు రాతితో, ఇటుకతో ఊరు తిరిగి కట్టుకున్నారు. ఊమియో వాళ్లు వీధులు వెడల్పు చేసి, మంట ఒక వరస నుంచి మరో వరసకు దూకకుండా బర్చ్ చెట్లు నాటారు.

ఇలాంటి మంటల భయంతోనే 1874 నుంచి ఇక్కడ రెండంతస్తులు మించి కొయ్యతో కట్టనివ్వలేదు. అడవుల దేశంలో నూట ఇరవై ఏళ్లు కొయ్య మేడ నిషేధం! 1994లో ఆ నిబంధన మారింది. ఏ సరుకుతో కడుతున్నావని అడగడం మానేసి, మంటను ఎంతసేపు తట్టుకుంటుందో చూపించమన్నారు. ఆ ఒక్క మార్పుతో దారి తెరుచుకుంది. 2009 నాటికి వెక్షో పట్టణంలో ఎనిమిదంతస్తుల కొయ్య ఫ్లాట్లు లేచాయి. కొయ్య మీద ప్రేమ వీళ్లకు ఎప్పుడూ ఉంది. తక్కువైంది చట్టంలో తెలివే.

షెలెఫ్తియో

బాబాయ్,

ఈ ఉత్తరం పెద్దది, టీ తెప్పించుకో.

ఊమియో దాకా రైలు, అక్కడినుంచి బస్సు. షెలెఫ్తియోకి ప్రయాణికుల రైలు ఇంకా లేదు. లైను వేస్తున్నారు. ఇక్కడి పెద్ద భవనానికి సారా లిద్మన్ అనే రచయిత్రి పేరు పెట్టారు. ఈ ప్రాంతానికి రైలుమార్గం రావడం గురించే వరసగా నవలలు రాసిందావిడ!

భవనం పేరు సారా కుల్తూర్‌హూస్. 2021లో తెరిచారు. వైట్ ఆర్కిటెక్టర్ సంస్థలో రాబర్ట్ ష్మిట్జ్, ఓస్కర్ నొరేలియుస్ గీశారు. 20 అంతస్తులు, 75 మీటర్లు. కింద గ్రంథాలయం, నాటకశాల, మ్యూజియం, పైన హోటల్. పట్టిన కలప 12,000 ఘనపు మీటర్ల పైమాటే. నీ లెక్కలో నాలుగు లక్షల ఘనపుటడుగులు దాటింది. చాలావరకు ఈ చుట్టుపక్కల అడవుల సరుకే.

ఎలా నిలబెట్టారో చెబుతాను. హోటల్ గదులు కార్ఖానాలోనే పెట్టెల్లా తయారై వచ్చాయి. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చారు. అటొకటి ఇటొకటి లిఫ్టు గూళ్లు, అవీ కొయ్యవే. ఆ గోడల కొయ్యను సీఎల్‌టీ అంటారు. పలకలను ఒక వరస నిలువుగా, పై వరస అడ్డంగా, మళ్లీ నిలువుగా అతికి మందమైన బల్లలు చేస్తారు. చెక్క ఒక దిక్కు సాగుతుంది, ఇంకో దిక్కు సాగదు అని నువ్వు నాకు చిన్నప్పుడు తలుపు చూపించి చెప్పావు. ఇక్కడ ఒక వరస సాగబోతే పక్క వరస పట్టి ఆపుతుంది. గ్రంథాలయం వైపు మటుకు స్తంభాలు, దూలాలే. స్తంభం మీద చెయ్యి వేస్తే పలకల అతుకు గీతలు తగులుతాయి. ఎక్కడా దాచలేదు.

అంతా కొయ్యేనా అని నువ్వు నిలదీస్తావు. కాదు. కింది హాలు వెడల్పును దాటించడానికి కొయ్యకు ఉక్కు జతచేశారు. పై అంతస్తుల్లో కాంక్రీటు కలిపారు, బరువు లేకపోతే గాలికి మేడ ఊగుతుందని. ఎండా మంచూ తగలకుండా బురుజు చుట్టూ అద్దం తొడిగారు. కొయ్యకు ఎక్కడ చేతకాదో అక్కడ ఒప్పుకున్నారు. అందుకే నాకు ఈ కట్టడం మీద నమ్మకం కుదిరింది.

నిప్పు సంగతి. మందమైన దూలం అంటుకుంటే పైన బొగ్గు పొర కట్టి, ఆ పొరే లోపలికి వేడి పోకుండా అడ్డుపడుతుంది. స్ప్రూస్ దూలం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్లు కాలుతుంది, అంటే అరగంటకు రెండు సెంటీమీటర్లు. ఆ మేరకు ముందే మందం పెంచి కడతారు. పైగా నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంది. ఉక్కు కాలదు గానీ వేడికి మెత్తబడి వంగిపోతుంది.

ఊరిచివర 1737 నాటి కొయ్య వంతెన ఉంది, లేయోన్‌స్ట్రోమ్. అది ఇప్పటికీ వాడుకలోనే ఉంది. నాకు సారా కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. పాడైన చెక్కను మార్చుకుంటూ దాదాపు మూడు శతాబ్దాలు లాక్కొచ్చారు.

అక్కడే
మర్నాడు

బాబాయ్,

నిన్నటి పొగడ్తకు కాస్త ఉప్పు చల్లాలి. నరికితే మళ్లీ నాటాలని 1903లోనే ఇక్కడ చట్టం వచ్చింది. నాటుతున్నారు కూడా. అయితే ఒక్క తుడుపున కొండంతా నరికి, ఒకే జాతి మొక్కల్ని వరసగా నాటితే అది తోట అవుతుంది గానీ అడవి అవదు. ముసలి చెట్ల కొమ్మలకు వేలాడే నాచు లాంటి లైకెన్ చలికాలంలో రెయిన్‌డీర్ల మేత. ఆ మందలతో బతికే సామీ జనం నరికివేతల మీద ఎప్పటినుంచో పోరాడుతున్నారు. కొయ్య మేడల ప్రచార పుస్తకాల్లో వాళ్ల మాట కనిపించదు. కలప వ్యాపారిగా నీకిది కొత్త కాదు.

స్టాక్‌హోమ్
తిరుగు ప్రయాణంలో

బాబాయ్,

చివరి ఉత్తరం. స్కాన్సెన్‌కు వెళ్లాను. 1891లో ఆర్తూర్ హజీలియుస్ తెరిచిన ఆరుబయలు మ్యూజియం. దేశం నలుమూలల నుంచి పాత దుంగల ఇళ్లు విప్పి తెచ్చి ఇక్కడ తిరిగి నిలబెట్టారు. గంటు కోసి దుంగలో దుంగను కూర్చోబెట్టిన ఇల్లు కాబట్టి అది సాధ్యమైంది.

ఇక మన సంగతి. స్ప్రూస్ మనకు పనికిరాదు. ఇక్కడ చెదల బెడద లేదు, మనకు అది మొదటి శత్రువు. కానీ మన రైతులు పెంచే సరుగుడు, జామాయిల్ అంతా పేపరు మిల్లుకే పోవాలా? అందులో కొంతైనా అతికి వాడే దారి మన ఇంజనీరింగు కాలేజీలు వెతకాలి. ఆ మాట నేను హైదరాబాదులో అడగగలిగిన చోటల్లా అడుగుతాను.

నీ చేతిలో ఉన్నది ఇంకొకటి. కోనసీమలో మండువా ఇళ్లు పడగొట్టి టేకు దూలాలు, స్తంభాలు నీ అడితికి తోలుతున్నారు. నువ్వు వాటిని మిల్లుకు పంపి కిటికీ చట్రాలకు కోయిస్తున్నావు. ఇకమీదట ఇల్లు విప్పేటప్పుడే ఏ దూలం ఏ స్తంభం మీదిదో సుద్దతో అంకె వేయించు, ఫొటో తీయించు. దూలంగానే కొనేవాళ్లను నేను వెతికి పెడతాను. అప్పటిదాకా రంపం పెట్టించకు.

ఇట్లు,
చిన్ని